మురుగు కాలువలో నాచుకు కారణం వెతుకుతూ కొన్న నీటి పరీక్ష పెట్టె: రెండు పంటల వాడకం తరువాత

పశ్చిమ గోదావరి జిల్లా భీమవరం, ఉండి ఊళ్ల పరిసరాల్లో చేపలు, రొయ్యల చెరువులకు కావలసిన సరుకులు అమ్మే ఏ దుకాణానికి వెళ్లినా మేత బస్తాలు, మందుల డబ్బాల పక్కన చిన్న సూట్‌కేసు ఆకారంలో ఒక ప్లాస్టిక్ పెట్టె కనిపిస్తుంది. అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, ఫాస్ఫేట్, పీహెచ్ (ఆమ్లక్షార స్థాయి), నీటిలో కరిగిన ఆక్సిజన్ అనే ఆరింటినీ చెరువు గట్టు మీదే చూసుకోవడానికి తయారు చేసిన పరీక్ష పెట్టె అది. నాకు చెరువు లేదు. మూడెకరాల వరి చేను, దాని వెనుకగా పోయే మురుగు కాలువ మాత్రమే ఉన్నాయి. ఆ కాలువ కోసమే పెట్టె కావాలని అడిగినప్పుడు దుకాణంలోని కుర్రవాడు ఆశ్చర్యపోయి, "చెరువుకైతే సరిపోద్దండి, కాలవకెందుకండీ?" అన్నాడు. సార్వా (ఖరీఫ్) నాట్ల నుంచి దాళ్వా (రబీ) కోతల దాకా వాడిన తరువాత, అతని ప్రశ్నలో నేను అనుకున్నదానికన్నా ఎక్కువ అర్థం ఉందని తెలిసింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే తరహా పెట్టెలు వేర్వేరు పేర్లతో దొరుకుతున్నాయి, నేను తెరిచి చూసిన మూడింటిలోనూ పరీక్ష పద్ధతులు దాదాపు ఒకటే.

కొనడానికి కారణం మా ఊళ్లో ఏళ్లుగా నడుస్తున్న తగాదా. ప్రతి ఏటా సంక్రాంతి దాటేసరికి మా వెనుక కాలువలో పచ్చటి నాచు జడలు జడలుగా పెరిగి, తూము దగ్గర పేరుకుని, నీరు కదలకుండా అడ్డుపడుతుంది. మార్చి నాటికి దాని మీద గుర్రపుడెక్క కూడా చేరుతుంది. వరి రైతులు చెరువుల వాళ్ల మేత నీళ్లే కారణమంటారు. చెరువులున్న మా బాబాయి మాత్రం "మా నీళ్లు కాదురా, మీరు చల్లే యూరియా" అంటాడు. ఎవరి మాటకూ ఒక్క అంకె సాక్ష్యం లేదు. రెండు వేల రూపాయల లోపు ఖర్చుతో ఆ సాక్ష్యం దొరుకుతుందని ఆశపడ్డాను. ఈ సమీక్ష ఆ ఆశ ఎంతవరకు తీరిందన్న దాని గురించే తప్ప, చెరువు రైతుకు ఈ పెట్టె ఎంత పనికొస్తుందన్న దాని గురించి కాదు. ఆ పనికి ఇది చక్కగానే ఉంటుందని బాబాయి సాక్ష్యం చెప్తాడు.

పెట్టెలో పది మిల్లీలీటర్ల గీత ఉన్న నాలుగు గాజు ట్యూబులు, సూది లేని సిరంజి, చుక్కలు పడే తెల్ల సీసాలు పన్నెండు, పొడి మందు తీసే చిన్న చెంచా, రంగుల పట్టీలు, ఒక కరపత్రం ఉన్నాయి. సీసాల మూతలు బిగువుగా ఉన్నాయి. ఏడాది కాలంలో ఒక్కటీ కారలేదు. ట్యూబుల మీది గీత మాత్రం మూడు నెలలకే చెరిగిపోవడం మొదలుపెట్టింది కాబట్టి, కొన్న రోజునే సన్నటి ఆకురాయితో గీసుకోవడం మంచిది. కరపత్రం పూర్తిగా ఇంగ్లీషులో ఉంది. కొనేవారిలో ఎక్కువమంది గోదావరి, కృష్ణా డెల్టాల చెరువు రైతులే అయినప్పుడు, ఒక్క తెలుగు పేజీ జోడించకపోవడాన్ని నిర్లక్ష్యం అనక తప్పదు.

నా పనికి ముఖ్యమైనది ఫాస్ఫేట్ పరీక్ష. పది మిల్లీలీటర్ల నీటిలో మొదటి సీసా నుంచి ఆరు చుక్కలు, తరువాత రెండవ మందు వేసి ఊపి, పది నిమిషాలు ఆగితే నీటికి నీలి రంగు వస్తుంది. మొదటి సీసాలో గంధకామ్లంతో కలిపిన మాలిబ్డేట్ ఉంటుంది. అది నీటిలో కరిగి ఉన్న ఫాస్ఫేట్‌తో కలిసి ఒక సంయోగపదార్థంగా మారితే, రెండవ మందులోని విటమిన్ సి, అంటే ఆస్కార్బిక్ ఆమ్లం, దాన్ని నీలిగా మారుస్తుంది. 1962లో మర్ఫీ, రైలీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సముద్రపు నీటి కోసం స్థిరపరచిన ఈ పద్ధతినే పెద్ద ప్రయోగశాలలు ఈనాటికీ వాడుతున్నాయి. కాబట్టి పద్ధతిలో లోపం లేదు. తేడా అంతా కొలిచే కన్నులో ఉంది. ప్రయోగశాలలో నీలి రంగు చిక్కదనాన్ని యంత్రం చదువుతుంది, ఇక్కడ మనం అట్ట మీది గడులతో పోల్చుకోవాలి.

ఆ గడుల దగ్గరే మొదటి చిక్కు వచ్చింది. పట్టీ మీద 0, 0.25, 0.5, 1, 2, 5 అని పీపీఎంలలో, అంటే లీటరుకు మిల్లీగ్రాములలో, ఉంటుంది. ఈ అంకెలు ఫాస్ఫేట్‌వి తప్ప భాస్వరానివి కావు. భాస్వరంగా చెప్పాలంటే మూడుతో, ఇంకా కచ్చితంగా 3.07తో, భాగించాలి. ఈ మాట కరపత్రంలో ఎక్కడా లేదు. ఇది తెలియకుండా ఏ వ్యవసాయ పుస్తకంలోని అంకెతోనో పోల్చితే మూడింతల పొరపాటు జరుగుతుంది. రెండవ విషయం ఇంకా ముఖ్యమైనది. వాగులు, ఏర్లలో పోషకాలను బట్టి నాచు ఎంత పెరుగుతుందో చూసి, 1998లో డాడ్స్, జోన్స్, వెల్చ్ అనే శాస్త్రవేత్తలు సమశీతోష్ణ దేశాల ఏర్లను వర్గీకరించారు. లీటరుకు 0.075 మిల్లీగ్రాముల మొత్తం భాస్వరం దాటిన ఏరును వాళ్లు పోషకాలు మితిమీరిన వర్గంలో చేర్చారు. మన పట్టీలో సున్నా తరువాత వచ్చే మొట్టమొదటి గడి 0.25ను భాస్వరంలోకి మార్చితే 0.08 అవుతుంది. అంటే ఈ పెట్టె కన్ను తెరిచేసరికే నాచుకు కావలసినంత కన్నా ఎక్కువ భాస్వరం నీటిలో చేరిపోయి ఉంటుంది. పైగా ఆ హద్దు మట్టిరేణువులలో, నాచులో ఉన్నదంతా కలిపిన మొత్తం భాస్వరానిది, మన పెట్టె కొలిచేది కరిగిన భాగాన్ని మాత్రమే. ఆ దేశాల అంకెను మన డెల్టాకు ఉన్నదున్నట్టు అన్వయించలేము కానీ, పట్టీలో "సున్నా" అని కనిపించినంత మాత్రాన నాచుకు తిండి లేదని అనుకోకూడదన్నది మాత్రం తేలిపోయింది.

పట్టీ నిజం చెప్తోందా లేదా అని చూసుకోవడానికి ఇంట్లోనే ఒక ఉపాయం ఉంది. బస్తాలోంచి ఒక గ్రాము డీఏపీ ఎరువు తీసి లీటరు శుద్ధి చేసిన నీటిలో కరిగించి, తేరిన ఆ నీటిలోంచి ఒక మిల్లీలీటరును సిరంజితో తీసి మరో లీటరు శుద్ధి నీటిలో కలిపాను. డీఏపీలోని భాస్వరాన్ని ఆక్సైడ్ రూపంలో 46 శాతంగా లెక్క కడతారు, ఫాస్ఫేట్‌గా అది సుమారు 61 శాతం అవుతుంది. కరగని భాగం కొంత పోయినా రెండవ లీటరులో 0.6కు కాస్త తక్కువ ఫాస్ఫేట్ ఉండాలి. పెట్టె 0.5 గడి చూపించింది. ఆ పరీక్షలో పెట్టె గెలిచింది. కానీ ఆ లెక్క నన్ను చాలాసేపు కూర్చోబెట్టింది. ఒక గ్రాము డీఏపీ వెయ్యి లీటర్ల నీటిని ఆ గడి దాకా తీసుకెళ్లగలిగితే, యాభై కిలోల బస్తా ఒక్కటి ఐదు కోట్ల లీటర్లకు సరిపోతుంది. చేలో వేసిన భాస్వరంలో చాలా భాగం మట్టిని పట్టుకుని అక్కడే ఉండిపోతుంది, నిజమే. నూటికి ఒకటో రెండో వంతు జారినా కాలువకు అది చిన్న మొత్తం కాదు.

జనవరి మూడవ వారంలో అసలు పరీక్షకు దిగాను. చేల నీరు దిగే తూము నోటి దగ్గర ఒక నమూనా, దానికి రెండు వందల గజాల దిగువన నాచు దట్టంగా అల్లుకున్న మలుపులో మరొకటి తీశాను. నాచు ఎక్కువగా ఉన్నచోట ఫాస్ఫేట్ ఎక్కువగా ఉంటుందని ఎవరైనా అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. తూము దగ్గర రంగు 0.5 గడి దాటింది. మలుపులో నీరు తెల్లగానే ఉండిపోయింది. మందు పాడైందేమోనని మళ్లీ చేశాను, వారం తరువాత మూడోసారి చేశాను, అదే ఫలితం వచ్చింది. కారణం ఆలోచిస్తే తేలికే. పెట్టె కొలుస్తున్నది నాచు తినగా మిగిలినదాన్ని. పెళ్లి భోజనాలు అయిపోయాక గిన్నెలు చూసి వంట ఎంత చేశారో చెప్పమంటే ఎలా ఉంటుందో ఇదీ అలాంటిదే. నాచు భాస్వరాన్ని అప్పటి అవసరానికి మించి కూడా పీల్చుకుని కణాల్లో దాచుకోగలదు. తరువాత నీటిలో భాస్వరం అడుగంటినా ఆ దాపుతో ఇంకొంత కాలం పెరుగుతుంది. కాబట్టి ఈ పెట్టెను కాలువకు వాడేవారు నాచు ఉన్నచోట కాకుండా దానికి ఎగువన, నీరు వచ్చి చేరే నోళ్ల దగ్గర నమూనా తీయాలి. దట్టమైన నాచు మధ్య సున్నా చూసి "మా కాలువ శుభ్రం" అని రాసుకుంటే, పెట్టె అబద్ధం చెప్పకపోయినా మనం మోసపోయినట్టే. ఈ ఒక్క వాక్యం కరపత్రంలో అచ్చువేసి ఉంటే నాకు మూడు వారాలు కలిసొచ్చేవి.

మార్చిలో మరో విచిత్రం చూశాను. అదే మలుపులో తెల్లవారుజామున, అడుగు బురదకు దగ్గరగా తీసిన నీరు లేత నీలిగా మారింది. మధ్యాహ్నం అదేచోట తీసిన నీటికి రంగు రాలేదు. బురదలో ఇనుముతో జతకట్టి ఉన్న భాస్వరం, అడుగున ఆక్సిజన్ పూర్తిగా తగ్గినప్పుడు ఆ బంధం విడిపోయి నీటిలోకి వస్తుంది. ఏళ్ల తరబడి చేరిన ఎరువు కాలువ అడుగున ఇలా అప్పు ఖాతాలా నిలిచి ఉంటుంది కనుక, ఈ ఏడాది రైతులందరూ డీఏపీ సగానికి తగ్గించినా వచ్చే సంక్రాంతికే నాచు పోతుందని నేను అనుకోవడం లేదు. పూడిక తీసిన కాలువలో నాచు ఒకటి రెండేళ్లు తగ్గినట్టు మా పెద్దవాళ్లు చెప్పేదానికి ఇదీ ఒక కారణమై ఉండవచ్చు.

పెట్టె చెప్పలేని సంగతి ఇంకొకటి ఉంది, అది వెలుతురు. జూలై, ఆగస్టు నెలల్లో గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు ధవళేశ్వరం నుంచి మా పంట కాలువల దాకా నీరంతా ఇటుకపొడి కలిపినట్టు ఉంటుంది. అదే సమయంలో చేలల్లో ఆఖరి దమ్ములో, అంటే నీరు పెట్టి బురదగా దున్నేటప్పుడు, డీఏపీ వేసి, నాట్లకు ముందు మిగులు నీటిని బోదెల్లోకి (చిన్న కాలువల్లోకి) వదులుతారు. మొత్తం భాస్వరాన్ని కొలవగలిగితే సంవత్సరంలో అప్పుడే అది ఎక్కువగా ఉంటుందేమో. కానీ అప్పుడు కాలువలో నాచు పోగు కూడా కనిపించదు. వెలుతురు నీటి అడుగుకు చేరదు, పారుదల వేగానికి అంటుకున్నది కొట్టుకుపోతుంది, భాస్వరంలో ఎక్కువ భాగం ఒండ్రు రేణువులను పట్టుకుని ఉంటుంది. పెట్టె కూడా 0.25కు అటూ ఇటూగానే చూపించింది, అది కూడా నీటిని ఒక రాత్రి తేరబెట్టి, నాలుగు మడతల తెల్ల గుడ్డలో వడకట్టిన తరువాతే. ఎర్రనీటిలో నేరుగా మందు వేస్తే వచ్చే నీలి రంగు గోధుమ రంగుతో కలిసి ఏ గడికీ చెందని పాచిరంగుగా తయారవుతుంది. డిసెంబరు తరువాత నీరు తేరి, పారుదల తగ్గి, ఎండ అడుగుదాకా దిగినప్పుడు అంతకన్నా తక్కువ పోషకాలతోనే నాచు విజృంభిస్తుంది. నిద్రగన్నేరు చెట్లు రెండు వైపులా కమ్ముకున్న ముప్పై గజాల మేర మా కాలువలో నాచు ఏనాడూ పెద్దగా లేదు. ఆ నీడకు ఎగువన, నీడలో, నీడ దాటాక మూడుచోట్లా పెట్టె ఒకే గడి చూపింది. నిరుడు గట్టు వెడల్పు కోసం అలాంటి చెట్లనే అవతలి వైపు కొట్టించారు. అక్కడ ఈ ఏడాది నాచు ఎలా ఉందో నేను చెప్పనవసరం లేదు.

నత్రజని పరీక్షల గురించి చెప్పాలంటే, అవి మూడు ఉన్నా వరి కాలువకు అక్కరకొచ్చేది అమ్మోనియా ఒక్కటే. యూరియా చల్లిన రోజు సాయంత్రం చేలో నీరు తీసి మూడు పరీక్షలూ చేశాను. మూడింటిలోనూ దాదాపు ఏమీ రాలేదు. యూరియా యూరియాగా ఉన్నంతసేపు ఈ పెట్టెకు కనిపించదు. మట్టిలోని, నీటిలోని సూక్ష్మజీవుల ఎంజైమ్ దాన్ని అమ్మోనియంగా విడగొట్టడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. మూడవ రోజు అదే చేలో అమ్మోనియా రంగు పట్టీలోని చివరి గడికి వెళ్లింది, వారం తిరిగేసరికి మళ్లీ అడుగుకు వచ్చింది. ఆ మూడు నాలుగు రోజుల్లో గట్టు తెగినా, వాన పడి నీరు పొర్లినా, ఎవరైనా తొందరపడి తూము ఎత్తినా, 45 కిలోల బస్తాలోని ఇరవై కిలోల నత్రజనిలో ఒక భాగం కాలువ నాచుకు చేరిపోతుంది. ఈ ఒక్క విషయం కళ్లారా చూసినందుకే పెట్టె డబ్బులు గిట్టుబాటయ్యాయని అనుకుంటున్నాను. దాళ్వాలో పిలక దశ యూరియా వేశాక వారం దాకా మా తూము ఎత్తలేదు. పైరు పచ్చదనంలో తేడా మా ఆవిడే ముందు గమనించింది.

నైట్రేట్ పరీక్ష మా ఊళ్లో నిరాశపరిచింది, మెట్టలో మాత్రం రాణించింది. నిండా నీరు నిలిచే వరి మడిలో పైపొరలో కొద్దిగా నైట్రేట్ తయారైనా, అది కిందికి దిగి ఆక్సిజన్ లేని బురదలో చేరగానే సూక్ష్మజీవులు దాన్ని వాయువుగా మార్చి గాలిలోకి పంపేస్తాయి. అందుకే మా కాలువలో ఏ నెలలో చూసినా గులాబీ రంగు లేతగానే ఉండేది. ఫిబ్రవరిలో చింతలపూడి వైపు చుట్టాలింటికి వెళ్లినప్పుడు పెట్టెను వెంట తీసుకెళ్లాను. మొక్కజొన్న చేల మధ్యగా పోయే చిన్న వాగులో అదే మందు ముదురు గులాబీగా మారి 20 గడిని అందుకుంది. ఆరుతడి నేలలో అమ్మోనియం త్వరగా నైట్రేట్‌గా మారుతుంది. నైట్రేట్ మట్టిని అంటిపెట్టుకోదు, నీరు ఎటు పోతే అటు పోతుంది. ఇక్కడా కొలమానం విషయంలో జాగ్రత్త అవసరం. పట్టీలోని 20 నైట్రేట్‌గా చెప్పినది, నత్రజనిగా అది నాలుగున్నర మాత్రమే. తాగునీటికి మన దేశ ప్రమాణం 45 కూడా నైట్రేట్‌గా చెప్పినదే కనుక దానితో నేరుగా పోల్చుకోవచ్చు. చుట్టాల వాగు ఆ ప్రమాణం లోపలే ఉంది, అయినా రాళ్ల మీద జారుడు పాచి కాలు మోపనివ్వనంతగా ఉంది. మనిషి తాగడానికి పెట్టిన హద్దు వేరు, నాచు అదుపులో ఉండడానికి కావలసిన హద్దు వేరు అనడానికి ఆ వాగే ఉదాహరణ.

నాచుకు నత్రజని, భాస్వరం రెండూ కావాలి. బరువులో చూస్తే సుమారు ఏడు పాళ్లు నత్రజనికి ఒక పాలు భాస్వరం అని సాగరశాస్త్రవేత్త రెడ్‌ఫీల్డ్ సముద్రంలో తేలియాడే సూక్ష్మజీవులను చూసి చెప్పిన నిష్పత్తిని ఇక్కడా ఉజ్జాయింపుగా వాడతారు. మా కాలువ అంకెలను ఆ తక్కెడలో పెడితే నత్రజని తట్టే తేలిపోయింది. బురద నత్రజనిని గాలికి పంపుతూ, భాస్వరాన్ని దాచుకుంటూ ఉంటే అలా కావడం సహజమే. ఇలాంటిచోట గాలిలోని నత్రజనిని తామే పట్టుకోగల నీలి ఆకుపచ్చ నాచుకు అవకాశం ఎక్కువ. ఒకప్పుడు వరి మడిలో చల్లుకోమని వ్యవసాయ శాఖ వాళ్లు పొట్లాల్లో ఇచ్చిన నీలి ఆకుపచ్చ నాచు ఎరువు ఈ వంశానిదే. మడిలో ఉంటే ఎరువు, కాలువలో ఉంటే తెగులు! అయితే ఈ నిష్పత్తి కట్టడానికి ఈ పెట్టె అంకెలు సరిపోవని ఒప్పుకోవాలి. గడికి గడికి మధ్య రెట్టింపు తేడా ఉన్న రెండు అంకెలను భాగిస్తే వచ్చే ఫలితం నాలుగింతలు అటూ ఇటూ కావచ్చు.

అన్నింటికన్నా నాకు నచ్చినవి, నేను పట్టించుకోకుండా పక్కన పెట్టిన రెండు పరీక్షలు. ఒకటి కరిగిన ఆక్సిజన్, రెండవది పీహెచ్. హంగరీ రసాయనికుడు వింక్లర్ 1888లో కనిపెట్టిన పద్ధతినే చుక్కల లెక్కగా కుదించి ఇచ్చారు. మూడు మందులు వరుసగా వేశాక తేనె రంగుకు వచ్చిన నీటిలో చివరి మందును చుక్క చుక్కగా వేస్తూ, రంగు పూర్తిగా విరిగేదాకా లెక్కపెట్టాలి. రంగుల పట్టీ బాధ లేదు కనుక ఫలితం నమ్మకంగా ఉంటుంది. ముప్పై డిగ్రీల నీటిలో మామూలుగా లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇముడుతుంది. మా నాచు మలుపులో మధ్యాహ్నం మూడు గంటలకు పన్నెండు వచ్చింది, తెల్లవారుజామున నాలుగున్నరకు ఒకటి కూడా రాలేదు. పగలు ఎండలో నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అదే నాచు, దాని కింద కుళ్లుతున్న నాచు కలిసి ఉన్నదంతా పీల్చేస్తాయి. కొర్రమీను లాంటివి గాలి మింగి బతికినా, మిగతా చిన్న చేపలు ఆ వేళ నీటి పైకి వచ్చి గుటకలు వేస్తుంటాయి. పీహెచ్ కూడా ఇలాగే ఊగుతుంది. పగలు నాచు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకోవడంతో మధ్యాహ్నానికి తొమ్మిది దాటింది, ఉదయానికి ఏడున్నరకు దిగింది. ముప్పై డిగ్రీల దగ్గర పీహెచ్ ఏడు ఉన్నప్పుడు అమ్మోనియాలో నూటికి ఒక వంతు కూడా చేపకు విషమయ్యే రూపంలో ఉండదు, తొమ్మిదికి చేరితే దాదాపు సగం ఆ రూపంలోకి మారుతుంది. చేలో నిలిచిన నీటిలో నాచు ఉన్నప్పుడు ఇదే మార్పు యూరియా నత్రజనిని ఆవిరిగా గాలిలో కలిపేస్తుంది. ఒక కాలువలో పోషకాలు ఎక్కువయ్యాయా లేదా అని తెలుసుకోవడానికి ఫాస్ఫేట్ నీలి రంగు కన్నా, ఒకే రోజు రెండు వేళల్లో తీసిన ఈ అంకెలే మెరుగైన సాక్ష్యమని నా అభిప్రాయం. నాచు తినేసిన పోషకం నీటిలో కనిపించకపోవచ్చు కానీ, తిన్న నాచు ఊపిరి దాగదు.

ఇక లోపాలు. రంగుల పట్టీని ట్యూబ్‌లైటు కింద చదివితే ఒక గడి, నీడపట్టున పగటి వెలుతురులో చదివితే మరో గడి కనిపిస్తుంది. ఎప్పుడూ పగటి వెలుతురులోనే చూడాలి. నీటికి సొంత రంగు ఉంటే, మందు వేయని అదే నీటిని ఇంకో ట్యూబులో పోసి, దాన్ని గడి మీద పెట్టి పైనుంచి చూస్తూ పోల్చుకుంటే పొరపాటు చాలావరకు తగ్గుతుంది. ఈ చిట్కా బాబాయి దగ్గర నేర్చుకున్నదే, కరపత్రంలో లేదు. ఆస్కార్బిక్ ఆమ్లం వేడికి త్వరగా చెడుతుంది. ఎండల్లో వరండాలో వదిలేసిన సీసా రెండు వారాల్లో పసుపుగా మారి, డీఏపీ నీటికి కూడా రంగు చూపలేదు. ఆ ఒక్క సీసా విడిగా అమ్మమని అడిగితే దుకాణంలో మొత్తం పెట్టె కొనమన్నారు. కంపెనీ ఫోను నెంబరుకు మూడుసార్లు చేస్తే రెండుసార్లు ఎవరూ ఎత్తలేదు, మూడవసారి కొరియర్‌లో పంపుతామన్నారు, రాలేదు. చివరకు వేరే ఊరి దుకాణంలో దొరికింది. సీసా మీద గడువు తేదీ ఉంది కానీ తయారైన తేదీ లేదు.

మందుల పారబోత గురించి కూడా ఒక మాట. ఈ పెట్టెలోని అమ్మోనియా పరీక్ష ఆకుపచ్చ రంగు ఇచ్చే శాలిసిలేట్ రకం. పసుపు రంగు ఇచ్చే నెస్లర్ రకం పెట్టెలూ బజారులో ఉన్నాయి, వాటిలో పాదరసం ఉంటుంది. కొనేముందు అడిగి తెలుసుకోండి. ఏ రకమైనా పరీక్ష అయ్యాక ఆ నీటిని కాలువలోకే వంపడం సరికాదు. నేను మూత ఉన్న పాత డబ్బాలో పోసి దాచి, భీమవరంలోని ఆక్వా ల్యాబ్‌కు నమూనాలు ఇచ్చే రోజు అక్కడ అప్పగిస్తున్నాను.

ఆ ల్యాబ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి, మొత్తం భాస్వరం కావాలంటే నీటిని ఆమ్లంతో మరిగించి మట్టిలోనిదీ నాచులోనిదీ విడగొట్టాలి. అది ఇంట్లో చేసే పని కాదు, ఈ పెట్టె చేస్తానని చెప్పుకోనూ లేదు. పంట మొత్తానికి రెండు మూడుసార్లు అలాంటి పరీక్ష చేయించుకుని, మిగతా రోజుల్లో ఏ నోటి నుంచి ఏ వారంలో ఎక్కువ వస్తోందో పోల్చుకోవడానికి పెట్టెను వాడితే అది తన ఖరీదుకు మించిన పని చేస్తుంది. ఒక్క నమూనా తీసి ఒక్క అంకెతో తీర్పు చెప్పాలనుకునేవారికి మాత్రం వద్దంటాను. కాలువ కోసమైతే ఐదుకు మూడున్నర ఇస్తాను. తెలుగు కరపత్రం జోడించి, మందులు విడిగా అమ్మితే ఇంకో సగం కలుపుతాను.

బాబాయితో తగాదా సంగతి అడిగేవారు ఉంటారు. చెరువులో చేపల పట్టుబడి అయ్యాక నీరు వదిలిన రోజున వాళ్ల తూము దగ్గర ఫాస్ఫేట్ 2 గడి దాటింది. మా చేల తూము ఫాస్ఫేట్‌లో దమ్ము రోజుల్లోనూ, అమ్మోనియాలో యూరియా వారంలోనూ వాళ్ల చెరువును మించిపోయింది. రెండు కాగితాలూ ఆయనకు చూపించాను. చాలాసేపు చూసి, పట్టుబడి నీళ్లను ఇకపై నేరుగా వదలకుండా ఖాళీగా ఉన్న చిన్న గుంటలో నాలుగు రోజులు నిలబెట్టి చూస్తానన్నాడు. ఏప్రిల్‌లో కాలువలు కట్టేసేలోగా ఆ గుంట నీటిని రెండుసార్లు పరీక్షించాలి. ఫాస్ఫేట్ రెండవ సీసాలో ఇంకా పదిహేను పరీక్షలకు సరిపడా మందు ఉంది, దాన్ని ఈసారి ఫ్రిజ్‌లో పెట్టాను.